తణుకులో తాళపుచెవి విద్య

పశ్చిమగోదావరి జిల్లాలో పేరెన్నిక గన్న పట్టణములలో తణుకు ఒకటి. నిడదవోలులో రైలు మారి భీమవరము, నరసాపురముల వైపు పోవువారికిని, ఏలూరు, తాడేపల్లిగూడెముల మీదుగా చెన్నపట్టణమునుండి కలకత్తాకు పోవు రాజమార్గమున వచ్చువారికిని ఈ యూరు దారిలో తగులును. ఎటు చూచినను వరిచేలు, చెరకుతోటలు, కొబ్బరిచెట్లు, వాని నడుమ కాలువలు. ఊరి నొరసికొని గోస్తనీనది పారుచున్నది. తారకాసురుని పేర తారకాపురమని పిలువబడిన గ్రామమే క్రమముగా తణుకైనదని కొందరు చెప్పుదురు. నన్నయభట్టారకుడు ఇచ్చట యజ్ఞము చేసెనని ఊరివారు గర్వముతో చెప్పుకొందురు. 1947వ సంవత్సరములో ఆంధ్రా షుగర్సు వారి కర్మాగారము వెలసినది మొదలు ఈ పట్టణమునకు పరిశ్రమలవలన గూడ పేరు వచ్చినది. 2022లో జిల్లాలను విభజించినపుడు ఏలూరు వేరు జిల్లా కాగా, తణుకు భీమవరము ముఖ్యపట్టణముగా గల పశ్చిమగోదావరిలో నిలిచినది.

ఈ సీమలో "లాకు" అనిన తాళమని ఎవరును అర్థము చేసికొనరు. కాలువలపైనున్న లాకులే వారికి ముందుగా తోచును. ధవళేశ్వరమువద్ద ఆర్థరు కాటను దొర 1847 మొదలు 1852 వరకు ఆనకట్ట కట్టించిన పిమ్మట గోదావరినీరు కాలువలవెంట ఈ పొలములలోనికి వచ్చినది. ఆ కాలువలే చాలకాలము పడవల రహదారులుగా గూడ నుండెను. కాలువమట్టము దిగుచోట రెండు తలుపుల నడుమ నొక తొట్టివంటి కట్టడము నుంచిరి. పడవ అందు ప్రవేశించిన తోడనే వెనుకతలుపు మూసి, లోపలినీటిని మెల్లగా దిగవిడుతురు. రెండువైపుల నీరు సమమైనపుడు ముందుతలుపు సులభముగా తెరచుకొనును. అంతకుమున్ను పదిమంది కూడి త్రోసినను కదలదు. రైళ్లును మోటారులును వచ్చినపిదప పడవలు అరుదైనవి గాని, లాకులును, వానిపేరను ఏర్పడిన పల్లెలును, వానిని కనిపెట్టియుండు లస్కరులును ఈ సీమవారికి సుపరిచితులే. ఇంగ్లీషున కాలువ లాకుకును ఇంటి తాళమునకును మాట యొక్కటే. ఆ రెంటికిని పేరే గాక పోలికయు గలదని నేను తణుకులో నొక అంగడిముందు కూర్చుండి తెలిసికొంటిని.

సోదరీమణులారా! తాళము మన యింట ఎంత చిన్నవస్తువో అంత పెద్దది. మన పెద్దలు దానిని బీగమనిరి. గుమ్మమునకు వ్రేలాడుదానిని తాళపుకప్ప యనిరి. దానిని తెరచుదానిని చెవి యనిరి. అత్తగారి బొడ్డున నుండు తాళపుచెవుల గుత్తి కోడలి బొడ్డునకు మారిన దినమే ఆ యింటి పెత్తనము మారినట్లు లెక్క. పెండ్లిలో దానిని గూర్చి మంత్రమేమియు లేదు. అయినను ఆ గుత్తి చేతికి వచ్చిన దినమును మరచిపోయిన ఇల్లాలు ఉండదు. కాని ఆ తాళము చెడినపుడు, చెవి పోయినపుడు మన మెవరిని పిలుతుమో, ఆ మనిషి ఎవరో, ఎట్లు నేర్చెనో విచారించువారు అరుదు.

మా పినతల్లిగారు తణుకులో నివసింతురు. ఆమె కుమారుని యొద్దకు తరలిపోవు సందర్భమున, ఇంటిలో నున్న పాత భోషాణమునకు తాళపుచెవి కనబడలేదు. అది ఆమె అత్తగారినాటి టేకుపెట్టె. పగులగొట్టింపవచ్చునని ఇంటివారిలో కొందరనిరి. ఆమె కందుకు మనసొప్పలేదు. అందుచేత తాళములు బాగుచేయు నొక సాయిబుగారిని పిలుచుకొని వచ్చుటకు నేను బజారునకు పోయితిని. ఆ యంగడి యనగా రెండు పలకల బల్లయు, దానిపై నొక బిగింపుకొయ్యయు, తీగకు గుచ్చిన వందలకొలది ఖాళీ చెవులును, ఆకురాళ్ళును మాత్రమే. తాళములతోబాటు గొడుగులును ఆయన బాగుచేయును. డెబ్బదియేండ్ల వృద్ధుడు, చూపు తగ్గినది. ఆయన ప్రక్కను నలువదియైదేండ్ల మనిషి యొకడు వంగి ఆకురాయితో ఒక చెవిని అరుగదీయుచుండెను. కుమారుడో తమ్ముడో యనుకొంటిని. "శిష్యుడండీ. రెండేళ్ళయింది చేరి" అని సాయిబుగారు చెప్పిరి.

నలువదిమూడవ యేట శిష్యరికమా యని నాకు వింత తోచినది. ఆయన నాతో ఇంటికి వచ్చి పనిచేయుచు తన సంగతి కొంత చెప్పెను. ఆయన పుట్టుకచేతను పెంపకముచేతను స్వర్ణకారుడు. తండ్రియు, తాతయు కుంపటిముందు కూర్చుండి ఊదుగొట్టము పట్టినవారే. తాతగారి కాలమున 1963లో బంగారముపై ప్రభుత్వపు నియమములు వచ్చి, పదునాలుగు వన్నెకు మించిన నగలు చేయరాదన్నపుడు దేశమున వేలకొలది స్వర్ణకారులకు పని పోయినది. ఆ నియమములను తరువాత సడలించిరి. ఆ శాసనము 1990లో రద్దయినది. కుంపటి తిరిగి రాజుకొనినది. కాని రెండవదెబ్బ శాసనముమూలమున రాలేదు. అద్దాల అంగళ్ళనుండి వచ్చినది. యంత్రములపై వేలకొలదిగా పోతపోసిన నగలు మెరయుచు, ఎన్నుకొనిన తోడనే చేతికి వచ్చుచుండగా, పదిదినములు ఆగి చేయించుకొనువారు తగ్గిరి. 2021 నుండి నగలపై హాల్‌మార్కు ముద్రయు క్రమముగా తప్పనిసరియైనది. కొనువారికి అది మేలే. ఇంటి అరుగుపై పనిచేయు ఒంటరి పనివానికి మాత్రము మరియొక మెట్టు ఎత్తు పెరిగినది. తుదకు ఆయనకు మిగిలినవి తెగిన గొలుసులకు అతుకులు, సడలిన కొక్కెములకు మరమ్మతులు మాత్రమే.

"బంగారం పని మానేస్తున్నానంటే మావాళ్ళెవరూ ఊరుకోలేదండి. ఇనుము పట్టుకుంటావా అన్నారు" అని ఆయన చెప్పెను. "కమ్మరి, వడ్రంగి, కంచరి, శిల్పి, కంసాలి అయిదుగురూ ఒక్క తల్లి బిడ్డలేనని మన పెద్దలే అన్నారుగా అని నేనన్నాను. చెప్పటం తేలికేనండి. మొదటిరోజు బజార్లో కూర్చున్నప్పుడు తలెత్తలేకపోయాను. నేను పుస్తెలు చేసిచ్చిన ఇంటివాళ్ళే గొడుగు బాగుచెయ్యమని వచ్చారు."

ఈ మాటలో నున్న బాధ మన ఇండ్ల ఆడువారికి తెలియనిది గాదు. పుట్టినింట నేర్చిన దంతయు ప్రక్కనబెట్టి, మెట్టినింట మొదటినుండి నేర్చుకొనువారము మనమే గదా! ఎంత చేయితిరిగిన పనిమంతురాలైనను అత్తవారి పోపులడబ్బా ముందు తొలిదినమున శిష్యురాలే. మగవాడు నడివయసున అట్టి స్థితిలో నిలుచుట అరుదు గనుక, దానికి కావలసిన గుండెదిటవు గూడ ఎక్కువే.

అయితే పాతవిద్య వ్యర్థము కాలేదు. ఆకురాయి పట్టు ఆయనకు చేతిలోనే యున్నది. వెండ్రుకవాసి తేడాను కన్ను పట్టును. మా పినతల్లిగారి భోషాణమునకు ఆయన చెవిని చేసిన విధమును నేను దగ్గర కూర్చుండి చూచితిని. మొదట ఖాళీ చెవి నొకదానిని దీపపు పొగపై పట్టి మసిబార జేసెను. దానిని తాళపురంధ్రములో నుంచి మెల్లగా త్రిప్పి, వెలికి దీసి, వెలుతురున పరిశీలించెను. లోపలి అడ్డుకట్టలు తాకినచోట మసి చెరిగి సన్నని గీతలు పడినవి. ఆ గీతలున్న చోటనే ఆకురాయితో కొంచెము తీసెను. మరల మసి, మరల త్రిప్పుట, మరల ఆకురాయి. ఇట్లు ఇంచుమించు గంటసేపు. "తొందరపడి ఎక్కువ తీస్తే మళ్ళీ అతికేది లేదండి. బంగారమైతే కరిగించుకోవచ్చు" అని నవ్వెను. కడపట లోపల నేదో బరువుగా కదలిన చప్పుడైనది, మూత లేచినది. లోపల ధనమేమియు లేదు. రెండు జరీపంచెలు, ఒక రాగిచెంబు, చెదలు తాకిన దస్తావేజుల కట్ట. అయినను మా పినతల్లిగారు ఆ పంచెలను కన్నుల కద్దుకొని చాలసేపు మాటలాడలేదు.

ఈ కాలపు తలుపుల తాళముల సంగతి వేరు. నేనడుగగా వాని మర్మమును గూడ ఆయన వివరించెను. లోపల త్రిరుగు స్తంభమొకటి గలదు. దానికి అడ్డముగా చిన్నచిన్న చీలలు వరుసగా నిలిచియుండును. ఒక్కొక్క చీల రెండు తునుకలు. పైనుండి స్ప్రింగు వానిని క్రిందికి త్రోయుచుండును. తగిన చెవి పెట్టినపుడు దాని పండ్లు ఒక్కొక్క చీలను కావలసినంత మాత్రమే పైకెత్తును. అన్ని చీలల తునుకల నడిమి సందులును స్తంభపు అంచున ఒక్క గీతకు వచ్చినపుడు స్తంభము తిరుగును. ఒక్క చీల వెండ్రుకంత హెచ్చినను తగ్గినను తిరుగదు. "మన కాలవ లాకు లాంటిదేనండి. నీళ్ళు సమం కాకుండా తలుపు రాదు" అని ఆయన చెప్పినపుడు నాకు ఆ రెండు లాకుల పోలికయు బోధపడినది.

కొయ్యచీలల తాళములు వేలయేండ్లక్రిందటనే ఐగుప్తదేశమున నుండెడివి. వానికి నేటి చిన్నరూపము నిచ్చినవాడు అమెరికాలోని లైనస్ యేల్. తండ్రి తాళములు చేయువాడే యైనను, కుమారుడు మొదట మనుష్యుల రూపచిత్రములు వ్రాసి జీవించెను. పిదప కుంచె విడిచి తండ్రివృత్తిలో ప్రవేశించి 1861, 1865 సంవత్సరములలో తన తాళములకు హక్కుపత్రములు పొందెను. చిత్రకారుని కన్ను ఆ సూక్ష్మమైన పనికి అక్కరకు రాకపోదు. మన యిండ్లలో బీరువా యనగానే తోచు గోద్రెజ్ పేరు వెనుకను ఇట్టి కథయే యున్నది. అర్దేషిర్ గోద్రెజ్ బొంబాయి పార్సీ కుటుంబమునకు చెందిన న్యాయవాది. జాంజిబారులో నొక వ్యాజ్యమున తన కక్షిదారుకొరకు సత్యమును వంచి వాదింప మనసొప్పక ఆ వృత్తినే వదలి వచ్చెను. మందుల అంగడిలో కొంతకాలము పనిచేసెను. శస్త్రచికిత్సా పరికరములు చేయబూని నష్టపడెను. బొంబాయిలో దొంగతనములు పెచ్చుపెరిగినవని పత్రికలో చదివి 1897లో తాళములు చేయ మొదలిడెను. అబద్ధమాడజాలనివాడు తాళముల వ్యాపారమున ప్రవేశించుట ఎంత తగియున్నది!

ఒక్కరొక్కరే గాక, ఒక జాతి మొత్తము వృత్తి మార్చుకొనుటయు గలదు. మన పట్టణములలో చెవుల గుత్తులు మ్రోగించుచు తిరుగువారిలో సిక్లీగరు సిక్కులు కొందరు. వారి పూర్వులు కత్తులకు పదునుపెట్టి మెరుగు దిద్దువారు. కత్తులకు గిరాకి పోగా, ఆ చేతులే తాళములకును చెవులకును అలవడినవి. ఉత్తరదేశమున అలీగఢు, దక్షిణమున దిండిగల్లు తాళములకు ప్రసిద్ధికెక్కినవి. దిండిగల్లు తాళమునకు 2019లో భౌగోళిక గుర్తింపు గూడ లభించినది.

ఈ విద్యలో చేతిపనికంటె కష్టమైన పాఠమొకటి గలదు. సాయిబుగారు శిష్యునికి ఆకురాయి ఇచ్చుటకు ముందే మూడు కట్టడులు చెప్పిరట. ఇంటి యజమాని యెదుట నిలువక తాళము తెరువరాదు. ఎవరింటి చెవికిని రెండవప్రతి తన యొద్ద నుంచుకొనరాదు. సబ్బుముద్దపై అచ్చు తెచ్చి చెవి చేయుమన్నవానిని వెంటనే పంపివేయవలెను. శిష్యుడు వచ్చిన యేడాదిలో ఒక చిన్నకోడలు తన గదిలోని బీరువా తెరువుమని పిలిచినదట. అందులో తన పుట్టింటివా రిచ్చిన నగలున్నవనియు, చెవిని మరియొకరు తీసికొనిరనియు ఆమె చెప్పినది. ఆమె కన్నీరు చూచి శిష్యునికి చేయి ఆగలేదు. గురువుగారు ఆపిరి. "బీరువా నీదైతే నేను తెరవనని కాదమ్మా, మీ అన్నయ్యనూ, వీధి పెద్దలనూ పిలు. అందరి ముందూ తెరుస్తాను" అనిరట. ఆమె యట్లే చేసినది. నలుగురి యెదుట బీరువా తెరచిరి. నగలను లెక్కించి ఆమె చేతి కిచ్చిరి. స్త్రీధనము స్త్రీదేయని మన ధర్మశాస్త్రములు చెప్పినవి. 1956 నాటి హిందూ వారసత్వ చట్టము స్త్రీకి తన ఆస్తిపై సంపూర్ణాధికారమును స్థిరపరచినది. రహస్యముగా తెరచియున్నచో ఆమెయే దొంగ యనిపించుకొనెడిది. సాక్షుల యెదుట తెరచుటచే ఆమె హక్కు నిలిచినది. ఇది చెప్పునపుడు ఆ శిష్యుని కన్నులలో గురుభక్తి స్పష్టముగా కనిపించినది.

ఈ కట్టడులు తప్పినచో నేమగునో చరిత్ర చెప్పుచున్నది. పరాసు రాజు పదునారవ లూయీకి తాళముల పని యనిన మక్కువ. గమేను అను తాళములవానిని గురువుగా నుంచుకొని రాజే శిష్యుడై నేర్చెను. విప్లవకాలమున రాజు తన కాగితములను దాచుటకు గోడలో ఇనుపపెట్టె నమర్పగా గమేనే తోడుపడెను. ఆ గమేనే 1792 నవంబరులో ఆ రహస్యమును ప్రభుత్వమున కెరిగించెను. ఆ కాగితములే విచారణలో రాజునకు వ్యతిరేకముగా నిలిచినవి. 1793 జనవరిలో ఆయన తల తెగినది. రాజు తప్పొప్పులు వేరుమాట. తాళమెంత గట్టిదైనను, దానిని చేసినవాని నోరు గట్టిదైననే అది తాళము.

"మా కంసాలులమీద లోకం ఎప్పుడూ అనుమానమే. తల్లి నగలోనైనా తరుగు తీస్తామని సామెతలు పుట్టించారు. ఇప్పుడు అంతకంటె అనుమానం ఉన్న పనిలోకి వచ్చాను. అందుకే ఇంకా జాగ్రత్తగా ఉండాలి" అని ఆయన చెప్పెను. ఆయన భార్య పదవతరగతి చదివినది. మధ్యాహ్నము భోజనపుడబ్బా తెచ్చి, అంగడివద్ద కొంతసేపు కూర్చుండి, ఏ దినమున ఎవరింటి తాళము తెరచిరో, ఎన్ని చెవులు చేసిరో ఒక పుస్తకమున వ్రాయుట ఆమె పని. ఆ పద్ధతి ఆమె పెట్టినదే. ఒకసారి రక్షకభటులు వచ్చి విచారించినపుడు ఆ పుస్తకమే వారికి సమాధానము చెప్పినదట. మొదట నీకును ఇష్టము లేదా యని నేనడుగగా, ఆమె నవ్వి యిట్లనెను: "బంగారం పనిచేసినన్నాళ్ళూ ఇంట్లో బంగారం లేదండి. చివరికి అన్నానికీ ఇబ్బందైంది. ఇప్పుడు చేతులు నల్లగా ఉంటే ఉన్నాయి, కడుక్కుంటే పోతాయి. పిల్ల కాలేజీ జీతం కట్టాం."

ఆ అంగడివద్ద నేను విన్నవానిలో ఇల్లాండ్రకు ఉపయోగపడు సంగతులు కొన్ని గలవు. తాళము బిగిసినపుడు మనము కొబ్బరినూనె పోయుదుము. అది కొంతకాలమునకు జిగటయై దుమ్మును పట్టుకొనును. తలుపు తాళములలో పెన్సిలు ముల్లును పొడిచేసి కొంచెము వేసిన చాలును. చెవి బిగిసినపుడు బలముగా త్రిప్పరాదు; విరిగి లోపల నిలుచును. రెండవ చెవిని మొదటిదానితో ఒకే గుత్తికి వేయరాదు. అద్దెయింటిలో క్రొత్తగా ప్రవేశించినపుడు తాళమును మార్చవలెను. చెవిమీద నుండు అంకెలను పరులకు చూపరాదు. చేతి ఫోనులో దాని చిత్రము తీసి పంపరాదు. చెవి చేయించునపుడు ఎదుట నిలిచి, అచ్చునకిచ్చిన దానిని వెంటనే తిరిగి తీసికొనవలెను. దీనిని అనుమానమని మంచి పనివాడు తలపడు. తనకును అదియే క్షేమమని యెరుగును.

గోదావరిసీమలో నేడు వృత్తులు మారుచున్న కుటుంబములు ఎన్నియో గలవు. మగ్గము విడిచినవారు, కుంపటి ఆర్పినవారు, పడవ కట్టిపెట్టినవారు మన బంధువర్గములోనే కనబడుదురు. అట్టివారిని చూచి "ఎట్టివాడు ఎట్లైపోయెను!" అని పెరటిగోడలపై మనమాడు మాట తేలికగా నోట వచ్చును. ఆ మాటయే వారికి అన్నిటికంటె బరువు. లాకులో ప్రవేశించిన పడవ క్రిందిమట్టమునకు దిగుట నిజము. కాని అది మునుగుటలేదు. నీరు సమమగువరకు ఓపికతో నిలిచి, తలుపు తెరచినపుడు మరియొక కాలువలోనికి సాగిపోవుచున్నది. ఇంటి మగవాడు అట్లు నిలిచియున్న దినములలో తలుపు వెనుకనుండి త్రోయక, నీరు సమమగువరకు తోడు నిలుచుట ఇల్లాలి చేతిలో నున్నది. మన బొడ్డున నున్న గుత్తిలో ఆ చెవియు నొకటి.